మేకు వదులుగా కొట్టడం నేర్చుకున్నాం

పొద్దున్న ఆరింటికి చూస్తే గోడ సాపుగా ఉంటుంది. పదింటికి తూర్పు ఎండ సూటిగా పడగానే, పడవ వెళ్లాక కాలవ నీళ్లలా గోడంతా అలలు లేస్తాయి. లోపల కూర్చుంటే ఎక్కడో టక్కు టక్కుమని చప్పుడు. మా ఆవిడ బల్లులనుకుంది. నేను చెద అనుకుని మందు కొట్టించాను. అలా మూడేళ్లు గడిపేశాం. అసలు సంగతి తెలియడానికి ఒక తుపాను రావాల్సివచ్చింది.

మాది పాలకొల్లు దగ్గర పల్లె. తాతలనాటి మండువా పెంకుటిల్లు ఇంకా ఉంది. నేను బడిపంతులుగా రిటైరయ్యాక, మా అబ్బాయి వచ్చినప్పుడు పిల్లలతో ఉండటానికని 2022లో పెరట్లో ఒక పెద్ద గది వేశాం. మా నేల సంగతి ఇక్కడివాళ్లందరికీ తెలిసిందే. రెండడుగులు తవ్వితే బంకమన్ను, ఇంకాస్త తవ్వితే నీళ్లు. పునాది సరిగ్గా పడకుండా ఇటుక గోడ లేపితే ఏదో ఒక మూల దిగి బీట తీస్తుంది. ఒక్క గదికి అంత పునాది ఎందుకని ఇనుప ఫ్రేము నిలబెట్టి, దానికి ప్లైవుడ్ బిగించి, పైన వినైల్ సైడింగ్ వేయిద్దామన్నాడు మా అబ్బాయి. వాడుండేది ఒహాయోలో. అక్కడ ఆరు నెలలు ఉన్నప్పుడు వాళ్లింటి గోడని వేలితో కొట్టి "ఇదేంట్రా, డొల్లగా ఉంది" అన్నాను. "పైన కనిపించేది ప్లాస్టిక్ పలకే నాన్నా, ఈ వీధిలో ఇళ్లన్నీ ఇంతే" అన్నాడు. నాకు నమ్మకం కుదరలేదుగానీ బరువు లేనిదన్న మాట నచ్చింది.

తెలియనివాళ్ల కోసం కాస్త చెబుతాను. సైడింగ్ అంటే పీవీసీతో చేసిన పొడవాటి పలకలు. మందం మహా అయితే ఒక మిల్లీమీటరు పైచిలుకు, పొడవు పన్నెండు అడుగుల పైన. కింది పలక పైఅంచుని పై పలక కిందిఅంచు కొక్కెంలా పట్టుకుంటుంది. ప్రతి పలకకీ పైఅంచున వరసగా సన్నటి అడ్డ కన్నాలుంటాయి, మేకులు వాటిలో కొట్టాలి. పలకల చివర్లు దూరడానికి కిటికీల చుట్టూ జె ఆకారం ఛానల్, గోడ మూలల్లో నిలువు పట్టీ, అడుగున మొదటి పలకని పట్టుకునే స్టార్టర్ పట్టీ, చూరు కిందా కిటికీ కిందా ఇంకో పట్టీ. వీటన్నిటినీ అమెరికాలో ట్రిమ్ అంటారు. మా వడ్రంగి అన్నిటికీ కలిపి 'బీడింగు' అంటాడు. ఇప్పుడు నాకూ అదే అలవాటైంది.

ఈ వడ్రంగి ఒకప్పుడు నా దగ్గర ఏడో తరగతి చదివాడు. పనిమంతుడు. టేకు తలుపు చేసి బిగించాడంటే ఇరవై ఏళ్లు కిర్రుమనదు. సైడింగు మాత్రం అతనికీ కొత్తే. డబ్బాతోపాటు వచ్చిన కాగితం ఇంగ్లీషులో ఉంది. నేనైనా చదివి చెప్పాల్సింది. చెప్పలేదు. బొమ్మలు చూస్తే సరిపోతుందిలే అనుకున్నాం ఇద్దరం.

మొదటి దెబ్బ తుపానుది కాదు, భోగిది. 2024లో మనవలు వచ్చారని ఇంట్లోనే భోగిమంట వేశాం, సరిగ్గా కొత్త గది ఆగ్నేయ మూలకి నాలుగడుగుల్లో. పాత తాటిదుంగ ఒకటి బాగా అంటుకుంది. పిల్లలు పిడకల దండలు వేస్తున్నారు, నేను ఫొటోలు తీస్తున్నాను. తెల్లారాక చూస్తే మూల పట్టీ నడుం దగ్గర ఉప్పులో ఊరిన ములక్కాడలా వంకర తిరిగి ఉంది. మంట తగలనేలేదు, సెగకే. ఈ ప్లాస్టిక్ 70 డిగ్రీలు దాటితే మెత్తబడిపోతుందని తర్వాత తెలిసింది. "ఆగ్నేయంలో అగ్ని ఉండటం వాస్తు ప్రకారం మంచిదేనండి మాస్టారూ" అని మా వడ్రంగి ఓదార్చి, వంకర దగ్గర తేలిన సందులో తెల్ల సిలికాన్ ఒక ట్యూబు మొత్తం నొక్కి వెళ్లాడు. మా ఆవిడ మాత్రం ఆ మూల చూసినప్పుడల్లా ఫొటోలు బాగా వచ్చాయా అని అడిగేది.

2025 అక్టోబర్ 28 రాత్రి మొంథా తుపాను నరసాపురం దగ్గర్లో తీరం దాటింది. 1996 తుపాను చూసినవాళ్లం కాబట్టి సాయంత్రానికే అందరం పెంకుటిల్లు వదిలి పక్కవాళ్ల డాబాలోకి చేరాం. రాత్రంతా తూర్పు నుంచి గాలి. తెల్లారి వచ్చి చూస్తే కొబ్బరి మట్టలు పెరడంతా పరిచి ఉన్నాయి. పెంకులు ఓ ముప్పై లేచిపోయాయి, అది ప్రతిసారీ ఉండేదే. కొత్త గది తూర్పు గోడకి కిటికీ పైనున్న జె ఛానల్ సగం ఊడి వేలాడుతోంది. దాని పైన మూడు పలకలు కొక్కెం వదిలేశాయి. ఒకటి కన్నాల దగ్గర నిలువునా చీలిపోయింది. భోగి మూల పట్టీ ఎలాగూ బాగోలేదు, దానికి పైనుంచి రెండడుగులు పగులు.

నాకు ఆశ్చర్యం కలిగించింది వేరే. మేకు గట్టిగా దిగిన చోటే పలక చీలింది. వడ్రంగి హడావుడిలో మేకు సరిగ్గా దించకుండా వదిలేసిన రెండు మూడు పలకలు మాత్రం చెక్కుచెదరలేదు. ఆ రోజు దీని గురించి పెద్దగా ఆలోచించలేదు. కరెంటు లేదు, నీళ్లు లేవు, ఎవరి గొడవ వాళ్లది.

నవంబరు రెండో వారంలో పని మొదలుపెట్టాం. ముందు సామాను వేట. భీమవరం, పాలకొల్లు షాపుల్లో అడిగితే అందరూ చూపించింది ఫాల్స్ సీలింగుకి వాడే పీవీసీ పట్టీలు. చూడ్డానికి అదే జె, అదే మూల. తక్కువకి వస్తున్నాయని నాలుగు కొనేశాను, అది నా తెలివి. ఇంటికి తెచ్చి పెడితే పలక చివర అందులోకి దూరదు. సీలింగు పలక పల్చటి చదును ముక్క, సైడింగు పలక మడతలతో ముప్పావు అంగుళం ఎత్తుంటుంది. పైగా ఆ పట్టీలు ఇంటి లోపలికి ఉద్దేశించినవి, ఎండకి తట్టుకునే సరుకు కాదు. ఆ నాలుగూ ఇప్పటికీ అటక మీదున్నాయి. చివరికి హైదరాబాదులో సైడింగు అమ్మే డీలరు ఒకాయన దొరికాడు. ముక్కల్లెక్కన ఇవ్వనన్నాడు, కట్ట మొత్తం కొనాల్సిందే. పార్సిల్ ఆఫీసులో పన్నెండడుగుల కట్టని నిలబెట్టి, మీద సిమెంటు బస్తా ఆనించారు. ఒక మూల పట్టీ వంగి వచ్చింది. రెండు వచ్చాయి కాబట్టి సరిపోయింది.

తర్వాత పనిముట్టు. కొక్కెం విప్పడానికి అమెరికాలో జిప్ టూల్ అని అరచేతిలో పట్టేది ఒకటి దొరుకుతుంది. మనకి ఆ షాపులెక్కడ? పెయింటర్లు వాడే పాత పుట్టీ బ్లేడు తీసుకెళ్లి, వెల్డింగు షాపులో కొసని కొడవలి మొనలా పావు అంగుళం వంచించాను. దాన్ని రెండు పలకల మధ్య అతుకులోకి కింది నుంచి దూర్చి, కొక్కెం అంచుని పట్టుకుని కిందికి లాగుతూ పక్కకి జరుపుకుంటూ పోవాలి. చీర అంచు పీకో కుట్టు విప్పినట్టు గోడ పొడవునా టరటరా ఊడి వస్తుంది. మొదటిసారి అలా వచ్చినప్పుడు మా వడ్రంగి "ఆయ్! ఇదేంటండీ, మేం సుత్తితో తన్నులాడుకున్నాం గదా" అన్నాడు.

పనంతా ఎండ బాగా పడ్డాకే చేశాం. పొద్దున మంచులో పలక కాస్త బిరుసుగా ఉంటుంది, కొక్కెం లాగడం కష్టం.

పలకలు పైనుంచి కిందికి విప్పాలి. పైదాని కొక్కెం విప్పి ఎత్తితే దాని చాటున కిందిదాని మేకులు కనిపిస్తాయి. అవి తీస్తే అదీ వస్తుంది. తూర్పు గోడ పన్నెండడుగులే కాబట్టి మధ్యలో అతుకులేదు. పదిహేను వరసలు. ఒక్కోదాని వెనకాల మార్కరుతో నంబరు రాస్తూ దించాం. నంబర్లు ఎందుకండీ, అన్నీ ఒకటే కదా అన్నాడు వడ్రంగి. కిటికీ దగ్గర ఒక్కోటి ఒక్కోలా కోసి ఉందని దింపాక అతనే ఒప్పుకున్నాడు.

నాలుగో వరస దించాక గోడ అసలు రూపు బయటపడింది. కిటికీ పైమూలల నుంచి కిందికి ప్లైవుడ్ మీద నల్లటి చారలు. కిటికీ కింద బూజు. అడుగున స్టార్టర్ పట్టీ దగ్గర ప్లైవుడ్ అంచు నానిన అటుకుల్లా పొరలు విడిపోయి ఉంది. మేకులు మామూలు ఇనపవి. సముద్రం పాతిక కిలోమీటర్లు కూడా లేదు, ఆ గాలికి మూడేళ్లలో తలలు సగం తినేసి తుప్పు కారింది. ప్లైవుడ్ మీద తొడిగింది మామూలు పాలిథిన్ పట్టా. లోపలికెళ్లిన తడి బయటికి రాలేక దాని వెనకాలే ఉడికింది.

నీళ్లెలా వెళ్లాయి? సందన్నది లేకుండా సిలికాన్ నింపాం కదా అని మా ఇద్దరికీ ఒకటే అనుమానం. రాత్రి మా అబ్బాయికి వీడియోలో చూపించాను. చూసి నవ్వాడు, నవ్వి సారీ అన్నాడు. సైడింగు నీళ్లు ఆపదట. ఆపుతుందని అసలు ఎవరూ అనుకోరట. వర్షం దాని వెనకాలికి కొంత వెళ్తుంది, వెళ్లినది కిందికి జారి, ప్రతి పలక అడుగున ఉండే చిన్న చిన్న చిల్లుల్లోంచి బయటికి కారిపోవాలి. నీళ్లాపే పని వెనకాలున్న పొరది, కిటికీ చుట్టూ వేసే టేపుది. బీడింగు పని ఆ నీళ్లకి దారి చూపించడం. మేమేం చేశాం? ఆ చిల్లులు చూసి, ఫ్యాక్టరీలో ఏదో పొరపాటున పడ్డాయనుకుని, ఒక్కోదానికీ ఓపిగ్గా సిలికాన్ చుక్క పెట్టాం. పదిహేను వరసలు, నాలుగు గోడలు. పెంకుటింట్లో పుట్టి పెరిగినవాణ్ణి, చూరు కారాల్సిన చోట కారకపోతే గోడ తడుస్తుందని నాకు తెలియదా? ప్లాస్టిక్ అనేసరికి తెలివి పోయింది.

అలల సంగతీ అప్పుడే తేలింది. పన్నెండడుగుల పలక చలికీ ఎండకీ మధ్య అరంగుళం వరకూ సాగి ముడుచుకుంటుంది. అందుకే మేకు కన్నం గుండ్రంగా కాక అడ్డంగా పొడుగ్గా ఉంటుంది. మేకు కన్నానికి సరిగ్గా మధ్యలో పడాలి, తల పలకని నొక్కకూడదు, పలక అటూఇటూ ఆడాలి. చివర్లు జె ఛానల్‌లో పావు అంగుళం దూరంగా ఆగాలి. మావి అన్నీ కన్నం కొసకి కొట్టి, తల దిగేదాకా బాది, చివర్లు ఛానల్‌లో కుక్కి ఉన్నాయి. సాగడానికి చోటు లేక పలక ఉబ్బేది, అవే అలలు. జరగబోయి మేకు దగ్గర చిక్కుకునేది, అదే టక్కు టక్కు. చెదల మందు డబ్బులు దండగ.

"గట్టిగా బిగించకపోతే గాలికి ఎగిరిపోదాండీ?" అన్నాడు వడ్రంగి. అతని ప్రశ్నలో తప్పులేదు. తుపాను నేలలో పుట్టినవాడికి వదులు అనే మాటే గిట్టదు. తుపాను మర్నాడు నేను చూసిన చీలిన పలక తెచ్చి చూపించాను. కన్నం కొసకి బిగుసుకున్న మేకు దగ్గర మొదలై పగులు ఎలా పాకిందో వేలుతో తడిమి చూశాడు. "కొక్కెం పట్టుకోవాలి గానీ మేకు కాదన్నమాట" అన్నాడు కాసేపాగి. కాగితంలో ఉన్నదీ అంతే.

మేకు తలకీ పలకకీ మధ్య అంగుళంలో ముప్పైరెండో వంతు సందు ఉంచాలని రాసుంది. ఆ లెక్క చెబితే వడ్రంగి నా మొహం చూశాడు. మిల్లీమీటరులో ముప్పాతిక అన్నాను, అదీ బుర్రకెక్కలేదు. అప్పుడు పర్సులో గడువు తీరిన ఏటీఎం కార్డు గుర్తొచ్చింది. దాని మందం సరిగ్గా అంతే. కార్డు మేకు తల కింద పెట్టి, సుత్తి కార్డుకి తగలగానే ఆపి, కార్డు లాగేయడం. రెండు వరసలు అయ్యేసరికి అతని చెయ్యి అలవాటుపడింది. ఈసారి మేకులు జింకు పూతవి, పెద్ద తలవి, పదహారు అంగుళాలకొకటి. బీడింగుకి మాత్రం ఇంకాస్త దగ్గరగా, పది అంగుళాలకి.

కుళ్లిన ప్లైవుడ్ అడుగున ఒకటిన్నర అడుగు మేర కోసి కొత్తది వేశాం. పాలిథిన్ పీకేసి, గాలి ఆడే రకం పొర ఒక చుట్ట హైదరాబాదు నుంచే తెప్పించాం. అది పై నుంచి కాదు, కింద నుంచి మొదలెట్టి పైపొర కిందిదాని మీదికి వచ్చేలా వేయాలి, తాటాకు కప్పినట్టే. ఇది మాత్రం చెప్పాల్సిన అవసరం రాలేదు, మా వడ్రంగి తాత తాటాకిళ్లు కప్పినవాడు.

మొత్తం పనిలో నాకు బాగా నచ్చింది కిటికీ పై జె ఛానల్. ఊడిపోయింది అదే, నీళ్లు దూరిందీ అక్కడే. మొదట్లో కిటికీ వెడల్పుకి సరిగ్గా కోసి, మూలల్లో అతుకు కనబడకుండా సిలికాన్ పూసి వదిలాం. అలా కాదు. పైముక్కని కిటికీ కన్నా రెండు వైపులా ఛానల్ వెడల్పు అంత పొడుగ్గా కొయ్యాలి. ఆ ఎక్కువ వచ్చిన కొసల్లో ముందు ముఖాన్ని కత్తెరతో ఏటవాలుగా కత్తిరించి, అడుగు భాగాన్ని నాలుకలా వదిలి, ఆ నాలుకని కిందికి మడిచి పక్క ఛానల్ లోపలికి దించాలి. అప్పుడు పైన పడిన నీళ్లు నాలుక మీదుగా పక్క ఛానల్‌లోకి, అక్కడినుంచి కిందికి. రేకు కత్తెరతో మొదటి రెండు నాలుకలూ విరిచేశాడు. మూడోదానికి ముక్కని పది నిమిషాలు ఎండలో పెట్టి, మడత పడే చోట బ్లేడుతో సన్నటి గీత గీసి వంచాడు. చక్కగా ఒదిగింది. దాని వెనకాల కిటికీ అంచుకి అంటుకునే టేపు ముందు అడుగున, తర్వాత పక్కల్లో, చివర పైన వేశాం. ఒక చెంబుడు నీళ్లు పోశాను. రెండు పక్కలా బుడబుడా కారి అడుగున బయటికొచ్చాయి. ఇద్దరం ఇంకో రెండు చెంబులు ఊరికే పోశాం.

కిటికీ కింద పలక సగం కోసి వేయాల్సివస్తుంది, దాని పైఅంచు కొక్కెం పోతుంది. దాన్ని పట్టించడానికి ఆరేసి అంగుళాలకి చిన్న ఉలితో నాలుకలు లేపి పట్టీలోకి నొక్కాం. దానికీ పంచ్ అని ఒక పనిముట్టు ఉందిట. ఉలి చాలు.

మూల పట్టీ అనుకున్నదానికంటే సులువు. తూర్పు పలకలు ఎలాగూ దించేశాం, దక్షిణం వైపు మూలకి దగ్గరి మేకులు మాత్రం తీసి, పలకల్ని కాస్త విల్లులా వంచితే చివర్లు పాత పట్టీలోంచి జారి వచ్చాయి. కొత్త పట్టీకి పైన చూరు కింద పావు అంగుళం వదిలి, ఇరుపక్కలా పైకన్నాల పైకొసల్లో మేకు కొట్టి వేలాడదీశాం. మిగతా మేకులు కన్నాల మధ్యలో. పట్టీ బరువంతా ఆ పై రెండు మేకుల మీదే, సాగినప్పుడు కిందికే సాగుతుంది.

ఇక రంగు. మూడేళ్ల ఎండకి పాత పలకలు వెలిసి మీగడ రంగులోకి వచ్చాయి, కొత్తవి తెల్లగా మెరుస్తున్నాయి. చీలినదాని చోట కొత్తది పెడితే మొహం మీద ప్లాస్టరు వేసినట్టు ఉంటుంది. అందుకని ఎవరూ చూడని పడమటి గోడ నుంచి, బావి వైపు, మూడు పాత పలకలు విప్పి తూర్పుకి తెచ్చి, కొత్తవి అక్కడ పెట్టాం. మూల పట్టీ ఒక్కటే తెల్లగా కనిపిస్తోంది. రెండు వేసవులు గడిస్తే అదీ కలుస్తుందట. బూజు పట్టిన పలకలు ఏడు పాళ్లు నీళ్లు, మూడు పాళ్లు తెల్ల వెనిగర్ కలిపి మెత్తటి బ్రష్షుతో తుడిస్తే పోయింది.

మొత్తం తొమ్మిది రోజులు పట్టింది, మధ్యలో మా వడ్రంగి రెండు పెళ్లిళ్లకి వెళ్లొచ్చాడు. మిగతా మూడు గోడల్లో సిలికాన్ చుక్కలు సన్నటి మేకు మొనతో నేనే పొడిచి తీశాను, అది ఇంకో వారం. వాటి మేకులు మాత్రం ఇంకా పాతవే, దక్షిణం గోడకి అలలు ఇంకా ఉన్నాయి. వేసవి సెలవుల్లో మా అబ్బాయి వస్తే వాడి చేత చేయించాలని ఉంది. ఏటీఎం కార్డు మా వడ్రంగి సంచిలో ఉండిపోయింది. అడిగితే ఇస్తాడుగానీ అడగలేదు.

సంక్రాంతికి భోగిమంట వీధి మొగలో వేశారు. చెత్తా చెదారం పోగేస్తూ కుర్రాళ్లు మా పెరట్లో పడున్న పాత బీడింగు ముక్కలు కూడా ఎత్తుకెళ్తుంటే పరిగెత్తి ఆపాను. పీవీసీ కాలిస్తే ఆమ్లపు పొగ వస్తుంది, చుట్టూ పిల్లలు. వంకర మూల పట్టీ ఇనుప సామాను వాడు కూడా వద్దన్నాడు. మా ఆవిడ దాన్ని నాలుగు ముక్కలు కోయించి బంతి మడి చుట్టూ గట్టుగా పాతింది. నీళ్లు పోసినప్పుడు మన్ను కొట్టుకుపోకుండా బాగానే ఆపుతోంది.